చుక్క ఎక్కడ పడింది, బండి ఎక్కడ పోయింది

(నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం, రిటైరైన భూగోళం లెక్చరర్ ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

కూర్చోండి, కూర్చోండి. ముందు వరస మొత్తం ఖాళీ. ముప్పై ఏళ్లు క్లాసులో ఇదే చూశాను, ఇక్కడా ఇదేనా? సరే, మీ ఇష్టం. వెనక ఉన్నవాళ్లకు తెర కనిపిస్తుందా? బాబూ, ఆ కిటికీ పక్కన లైటు ఆర్పు. ఆ ఫ్యాను మాత్రం ఆర్పకు.

ఇది ఇంగ్లండ్ పోలీసుల వెబ్‌సైటు, ఏ వీధిలో ఎన్ని నేరాలు జరిగాయో పటం మీద చూపేది. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తుంది. రెండేళ్ల కింద ఇల్లు మారాలనుకున్నప్పుడు ఈ లింకు నాకు పంపి, నాన్నా, నువ్వు భూగోళం సారువి గదా, ఈ రెండు వీధుల్లో ఏది మంచిదో చూసి చెప్పు అంది. నేను తెరిచాను. పిన్‌కోడ్ లాంటిది ఒకటి కొట్టాలి, కొట్టగానే పటం వస్తుంది, పటం మీద గుండ్రాలు, గుండ్రాల్లో అంకెలు. మా అమ్మాయి చూసిన వీధి మీద ఉన్న గుండ్రం మిగతావాటి కంటే పెద్దగా ఉంది. నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసి, అమ్మా, ఆ వీధి వద్దు, ఒక్క నెలలోనే అన్ని నేరాలు ఉన్నాయి అన్నాను. అది నవ్వింది. నాన్నా, గుండ్రం మీద నొక్కి చూశావా? అంది. నొక్కలేదు. నొక్కితే ఏముంది? సగానికి పైగా షాపుల్లో దొంగతనాలు. ఆ వీధి చివర పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది. సబ్బులు, మాంసం ప్యాకెట్లు, మందు సీసాలు ఎత్తుకుపోయినవి. అదీ గుండ్రం.

ముప్పై ఏళ్లు పటాలు చెప్పినవాడిని. గుండ్రం చూసి భయపడ్డాను, నొక్కి చూడలేదు. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

రండి, ఒకసారి కలిసి నొక్కుదాం. చూడండి, పటాన్ని దూరం చేస్తే గుండ్రాలు కలిసిపోయి ఒకటే పెద్ద గుండ్రం అవుతుంది, అది పోయి పార్కు మధ్యలో కూర్చుంటుంది. పార్కులో ఏమీ జరగలేదు, చుట్టూ ఉన్న అంకెలన్నీ కలిపి మధ్యలో పెట్టింది కంప్యూటర్. దగ్గరికి తెస్తే విడిపోతుంది. ఇంకా దగ్గరికి తెస్తే వీధి దాకా వస్తుంది. ఇప్పుడు ఈ చుక్క మీద నొక్కాను, ఏం రాసి ఉంది? ఫలానా వీధిలో అని రాసి లేదు. ఫలానా వీధిలో ‘లేదా దగ్గర’ అని రాసి ఉంది. ఆ ‘లేదా దగ్గర’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

పటం మీద నేరాలు చూపడం కొత్త సంగతేం కాదు. 1829లో ఫ్రాన్స్‌లో గెర్రీ, బాల్బీ అని ఇద్దరు జిల్లాలవారీగా నేరాల పటాలు గీశారు, పక్కనే చదువు పటం కూడా పెట్టారు. చదువు పెరిగితే నేరం తగ్గుతుందని అందరూ అనుకునే రోజులు. పటంలో చూస్తే చదువు ఎక్కువున్న ఉత్తరం వైపే ఆస్తి నేరాలు ఎక్కువ కనిపించాయి. పెద్ద లొల్లి అయింది. తర్వాత 2005లో షికాగోలో అడ్రియన్ హొలొవాటీ అనే ఆయన పోలీసుల లెక్కలు తీసుకొచ్చి గూగుల్ పటం మీద పరిచాడు, ఎవరి వీధి వాళ్లు చూసుకునేలా. ఇంగ్లండ్‌లో 2011 ఫిబ్రవరిలో వీధి స్థాయి పటం పెట్టారు. పెట్టిన రోజే జనం ఎగబడి సైటు కూలబడింది. ఎందుకు ఎగబడరు? రేపు మన పటం వస్తే మీరు ముందు ఏం చూస్తారు? పక్కింటాయన వీధి చూస్తారు. తర్వాత మీ ప్లాటు ఉన్న వెంచర్ చూస్తారు, గజం రేటు పడిపోతుందేమోనని. నవ్వకండి, నేనూ అదే చూస్తాను.

ఇప్పుడు ఆ ‘లేదా దగ్గర’ సంగతి. అక్కడి పోలీసులు నేరం జరిగిన అసలు చోటు పటం మీద పెట్టరు. ముందే ఎంచి పెట్టుకున్న బిందువులు ఉన్నాయి, దేశం మొత్తం మీద 7.5 లక్షలకు పైగా. వీధి మధ్యలో ఒకటి, పార్కింగ్ స్థలం దగ్గర ఒకటి, పెట్రోలు బంకు దగ్గర ఒకటి, అట్లా. నేరం ఎక్కడ జరిగినా దాన్ని దగ్గరున్న బిందువు మీదికి జరుపుతారు. ఆ బిందువు కిందికి వచ్చే జాగాలో కనీసం 8 చిరునామాలు ఉండాలి, లేదంటే ఒక్కటీ ఉండకూడదు. తేదీ కూడా ఇవ్వరు, నెల మాత్రమే ఇస్తారు.

ఎందుకు? ఎవరైనా చెబుతారా? అమ్మా, మీరు చెప్పండి. కరెక్ట్. ఎవరింట్లో జరిగిందో తెలిసిపోతుంది.

ఇంగ్లండ్ వీధిలో 8 ఇళ్లు అంటే ఒకరి మొహం ఒకరికి తెలియకపోవచ్చు, సరిపోతుంది. మన దగ్గర? దేవరకొండ దాటి అవతల ఒక తండా అనుకోండి, ఇరవై ఇళ్లు. మొగుడు కొట్టాడని ఒక ఆడమనిషి ధైర్యం చేసి స్టేషన్‌కు పోయి కాగితం ఇచ్చింది. నెల తిరిగేసరికి పటం మీద తండా దగ్గర ఒక చుక్క, నొక్కితే ‘గృహ హింస’. ఇరవై ఇళ్లలో అది ఎవరిదో కనుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది? చాయ్ తాగేంత సేపు. ఆమె పేరు రాయకపోయినా రాసినట్టే. ఇంకోసారి ఆమె స్టేషన్ మెట్టు ఎక్కుతుందా? ఆమె చూసి పక్కింటి ఆమె ఎక్కుతుందా? అందుకని మన ఊళ్లకు 8 ఇళ్ల లెక్క పనికిరాదని నా అభిప్రాయం. తండాలు, చిన్న పల్లెలు అయితే మండలం మొత్తానికి ఒకటే చుక్క పెట్టాలి, కొన్ని రకాల నేరాలకైతే జిల్లాకు ఒకటే. పటం అందం తగ్గితే తగ్గనీయండి.

సుప్రీం కోర్టు 2016లోనే చెప్పింది, ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని. మన తెలంగాణ పోలీసుల సైటులో కూడా ఎఫ్ఐఆర్‌లు చూడొచ్చు. కానీ ఆడవాళ్ల మీద, పిల్లల మీద లైంగిక నేరాలు, ఉగ్రవాదం కేసులు లాంటివి పెట్టొద్దని అదే తీర్పులో ఉంది. అంటే ఆ సైటును పట్టుకుని ఎవరైనా పటం గీస్తే, అందులో ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక నేరాలు చాలా వరకు మాయం అయి ఉంటాయి. ఊరు చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది చట్టం మంచికోసం దాచింది, ఊరు మంచిదై కాదు.

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు బాగా నచ్చిన ఉదాహరణ. ఇదే ఇంగ్లండ్ పటంలో మాంచెస్టర్ చుట్టుపక్కల ప్రాంతానికి పోండి. 2019 జూలై నుంచి చాలా కాలం అక్కడి పోలీసులు పంపిన చుక్కల్లేవు. ఒక్కటీ లేదు. ఎంత పెద్ద ఊరు! అక్కడ దొంగలందరూ భక్తులైపోయారా? కాదు. అక్కడి పోలీసులు కంప్యూటర్ వ్యవస్థ మార్చారు, కొత్తది సరిగ్గా పనిచేయలేదు, లెక్కలు పంపలేకపోయారు. తర్వాత 2020 డిసెంబరులో తనిఖీ అధికారులు ఏమన్నారంటే, ఒక్క ఏడాదిలో జనం వచ్చి చెప్పిన నేరాల్లో సుమారు 80,000 అసలు నమోదే కాలేదని. ప్రతి ఐదింటిలో ఒకటి. ఆ తర్వాత అక్కడి పోలీసు పెద్ద రాజీనామా చేశాడు. నేను చెప్పేదేంటంటే, పటం సంగతి తెలియని మనిషి ఆ ఖాళీని చూస్తే ఏమనుకుంటాడు? ఆహా, ఎంత ప్రశాంతంగా ఉంది, ఇల్లు ఇక్కడే తీసుకుందాం అనుకుంటాడు.

ఇప్పుడు నా బండి కథ. కొందరికి తెలుసు, తెలిసినవాళ్లు ఓపిక పట్టండి.

నా టీవీఎస్ ఎక్సెల్ కూరగాయల మార్కెట్ దగ్గర పోయింది. ఆదివారం పొద్దున ఏడు, ఏడుంపావు అయింటుంది. బండి ముందు హుక్కుకు అప్పటికే ఒక సంచి తగిలించాను, అందులో బీరకాయలు, పాలకూర. కొత్తిమీర మర్చిపోయానని మళ్లీ లోపలికి పోయాను. తాళం బండికే ఉంది, అవును, తప్పు నాదే. ఐదు రూపాయల కొత్తిమీర పట్టుకుని వచ్చేసరికి బండి లేదు, సంచీ లేదు. కూరగాయలతో సహా తీసుకుపోయాడు. స్టేషన్‌కు పోయాను. ఏ స్టేషనో చెప్పను. అక్కడున్నాయన నన్ను గుర్తుపట్టాడు, సార్ మీరా, కూర్చోండి అన్నాడు, చాయ్ కూడా ఇప్పించాడు. మంచివాడే. రెండ్రోజులు వెతుక్కోండి సార్, పిల్లలెవరో తోలుకుపోయి ఎక్కడో వదిలేసి ఉంటారు అన్నాడు. తెల్ల కాగితం మీద పిటిషన్ రాసిచ్చి వచ్చాను. రెండ్రోజులు పోయాయి, వారం పోయింది. ఇన్సూరెన్స్‌వాళ్లు ఎఫ్ఐఆర్ కావాలన్నారు. మళ్లీ పోతే, మార్కెట్ జాగా మా హద్దు కాదు సార్ అన్నారు. హద్దు ఏదైనా ముందు రాసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు గదా, నేను ఆ మాట అన్నాను కూడా. అన్నాక అందరూ కాసేపు గోడ వైపు చూశారు. చివరికి ఏం జరిగిందంటే, మీ ఇంటి ముందు పోయినట్టు రాస్తే ఇవాళే అయిపోతుంది సార్ అన్నారు. పందొమ్మిది రోజులు తిరిగి ఉన్నాను. సంతకం పెట్టాను.

చూడండి ఇప్పుడు. బండి మార్కెట్ దగ్గర పోయింది. చుక్క పడితే మా కాలనీలో పడుతుంది, పందొమ్మిది రోజులు ఆలస్యంగా, అంటే వేరే నెలలో. మా కాలనీలో బండ్లు పోతున్నాయని పేరు వస్తుంది, మార్కెట్ దగ్గర కెమెరా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ పటాన్ని పాడుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంతా చేస్తే బండి దొరకలేదు. బీరకాయల లెక్కయితే ఎఫ్ఐఆర్‌లో కూడా లేదు.

నాకు జరిగింది చిన్నది. ఊళ్లలో స్టేషన్ దాకా వచ్చేవే ఎన్ని? పెద్దమనుషుల ముందు కూర్చుంటారు, ఇంత జుర్మానా అంటారు, అయిపోతుంది. పొలం గట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్నా పెళ్లి సంబంధాల దాకా పోతుందని రాజీపడతారు. పాలమూరు నుంచి పుణె, ముంబై పోయి పనిచేసే మనిషికి అక్కడ మేస్త్రీ కూలి ఎగ్గొడితే, ఆ చుక్క ఏ పటం మీద పడాలి? ఇక్కడా పడదు, అక్కడా పడదు.

సైబర్ మోసం కూడా అంతే. మిర్యాలగూడలో ఒకాయన మంచం మీద కూర్చుని ఓటీపీ చెప్పాడు. ఫోన్ చేసినవాడు ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు. పైసలు పోయిన ఖాతా మూడో రాష్ట్రంలో ఉంది, ఆ ఖాతా పేరున్న మనిషికి అసలు సంగతే తెలియదు. చుక్క ఎక్కడ పెడతారు? మిర్యాలగూడలోనే పెడతారు, ఫిర్యాదు అక్కడిది కాబట్టి. మీకు ఎప్పుడైనా అట్లాంటిది జరిగితే పటం సంగతి తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి, గంటల్లోనే చేయండి, పైసలు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించొచ్చు.

మన దేశం లెక్కల గురించి కొంచెం. ఢిల్లీలో జాతీయ నేర రికార్డుల సంస్థ ఉంది, 1986లో పెట్టారు. వాళ్లు ఏటా పుస్తకాలు వేస్తారు. అందులో ఒక పద్ధతి ఉంది, ఒక ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. ఇంట్లో పడి బంగారం దోచుకుని, అడ్డం వచ్చిన మనిషిని చంపితే అది హత్య లెక్కలోకి పోతుంది. దోపిడీ లెక్కలో అది కనిపించదు. తప్పని అనడం లేదు, ఏదో ఒక పద్ధతి ఉండాలి. తెలియకుండా చదవొద్దంటున్నాను.

ఇంకా తమాషా ఏంటంటే, 2016 అక్టోబరు 11న మన జిల్లాను ముక్కలు చేశారు, సూర్యాపేట ఒకటి, యాదాద్రి భువనగిరి ఒకటి. 2011 జనాభా లెక్కల్లో పాత నల్లగొండ జిల్లా 34.88 లక్షలు, ఇప్పటి నల్లగొండ 16.18 లక్షలు. 2015 నేరాల అంకె పక్కన 2017 నేరాల అంకె పెడితే, ఏమీ మారకపోయినా సగం దాకా తగ్గినట్టు ఉంటుంది. పాలమూరు వాళ్లది ఇంకా అన్యాయం, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పోయాయి, 2019లో నారాయణపేట కూడా పోయింది. ఎవరైనా మైకు పట్టుకుని నేరాలు తగ్గించాం అంటే, జిల్లా తగ్గించారా నేరాలు తగ్గించారా అని అడగండి.

2024 జూలై 1 నుంచి చట్టాలే మారాయి. 420 అంటే మనకు సెక్షన్ మాత్రమే కాదు, తిట్టు కూడా. ఇప్పుడది 318. వాడొక 318గాడు అంటే ఎవరికైనా ఎక్కుతుందా? అది పోనీయండి. మెడలో గొలుసు తెంపుకుపోయేదానికి పాత చట్టంలో విడిగా సెక్షన్ లేదు, ఒకచోట దొంగతనం కింద రాసేవాళ్లు, ఒకచోట దోపిడీ కింద. ఇప్పుడు 304 అని విడిగా పెట్టారు. మంచిదే. కానీ పటంలో 2025లో కొత్తగా ‘స్నాచింగ్’ చుక్కలు మొలిస్తే, అవి గొలుసులు కొత్తగా తెగినవి కావు, పాత గొలుసులకే కొత్త పేరు.

జనం లెక్క కూడా చూసుకోవాలి. నేరాల రేటు లక్ష జనాభాకు ఇన్ని అని చెబుతారు. ఏ జనాభా? అక్కడ ఇళ్లున్న జనాభా. చెరువుగట్టు జాతర తీసుకోండి, ఊళ్లో ఉండేవాళ్లు ఎంతమంది, అమావాస్య రోజు గుట్ట ఎక్కేవాళ్లు ఎంతమంది? ఆ ఒక్క రోజు పోయిన సెల్‌ఫోన్లన్నీ ఆ ఊరి జనాభాతో భాగిస్తే, చెరువుగట్టు దొంగల ఊరు అవుతుంది. మన బస్టాండు సంగతి కూడా అంతే, అక్కడ కాపురం ఉండేది ఎవరు?

మరి ఈ పటాలు ఎందుకు సార్, ఇన్ని వంకలు పెడుతున్నారు అంటారా? నేను వద్దనడం లేదు. నాకు కావాలి. అయితే నన్ను అడిగితే మన జిల్లాకు మొదట వేయాల్సింది దొంగతనాల పటం కాదు, రోడ్డు ప్రమాదాల పటం. ఎందుకో చెబుతాను. బండి పోతే కాగితం రాయకపోవచ్చు, రోడ్డు మీద మనిషి పోతే రాయక తప్పదు, పోస్టుమార్టం ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది. ఆ చుక్కను దాచడం కష్టం. విజయవాడ రోడ్డు 65వ నంబరు హైవే మన జిల్లాలోంచి పోతుంది, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్. పాలమూరు వాళ్లకు బెంగళూరు రోడ్డు, 44వ నంబరు, జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట. బ్లాక్ స్పాట్ అని బోర్డులు చూస్తారు గదా, దానికి లెక్క ఉంది. హైవే మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణంగానీ తీవ్ర గాయాలుగానీ అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతే, అది బ్లాక్ స్పాట్. ఆ చుక్క పడితే ఏం చేయాలో కూడా తెలుసు, అండర్‌పాస్ కట్టాలి, లైటు పెట్టాలి, డివైడరులో జనం చేసుకున్న సందు మూయాలి. సందు మూసేముందు అవతల పొలమున్న రైతు ఎట్లా దాటాలో కూడా చూడాలి, లేకపోతే నెలకే మళ్లీ పగలగొడతారు.

దొంగతనాల పటం వచ్చినా రాకపోయినా మీరు చేయగలిగింది ఒకటుంది. బండి పోయినా, ఫోన్ పోయినా ఎఫ్ఐఆర్ రాయించుకోండి, పోయిన చోటే రాయించండి. నాలా చేయకండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. పిటిషన్ రసీదు వేరు, ఎఫ్ఐఆర్ కాపీ వేరు, రెండూ ఒకటనుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

బాబూ, లైటు వేయి. తలుపు పక్కన గోడకు ఒక పెద్ద డ్రాయింగ్ షీటు అంటించాను, చూశారా? మన పట్టణం, గడియారం సెంటర్ నుంచి పానగల్లు దాకా చేత్తో గీసింది, కొలతలు కొంచెం అటూఇటూ. రెండు పెన్సిళ్లు కట్టి ఉన్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. గత ఏడాదిలో మీ బండిగానీ ఫోన్‌గానీ పోయి ఉంటే, ఎఫ్ఐఆర్ అయితే ఎర్ర చుక్క, కాకపోతే నీలం చుక్క. పోయిన చోట పెట్టండి, రాయించిన చోట కాదు. పేరు రాయొద్దు, తేదీ రాయొద్దు. మార్కెట్ దగ్గర ఒక నీలం చుక్క ఇప్పటికే ఉంది, అది నాది. ఎఫ్ఐఆర్ అయింది గదా, నీలం ఎందుకు పెట్టావు అంటారేమో, ఆ చోట కాలేదు గదా.

తోసుకోకండి, ఒకరి తర్వాత ఒకరు. చాయ్ వచ్చిందట, ప్రశ్నలు అక్కడే అడగండి.